తరుగు

ఆదివారం తెల్లారి అయిదున్నరకి మొదటి పోటీ.
అక్కడ శనివారం రాత్రట, ఇక్కడ కాశీబుగ్గలో
పాలపాకెట్ల ఆటో వచ్చే వేళ.
ముందే ఫోను నిండా చార్జింగు పెట్టాలి.
కరెంటోళ్ళని నమ్మను. జడ్జీల్నీ నమ్మను.

పెద్ద పోటీ ఎవరిదో అందరికీ తెలుసు:
దాగిస్తాన్ కొండలోడు, బ్రెజిల్ మోకాళ్ళోడు.
లోడింగు దాలినాయుడు బ్రెజిలోడి మీద
నాటుకోడి పందెం కాశాడు.
పోతుంది వాడి కోడి.
కొండలోడిది ఉడుంపట్టు, నడుం దొరికితే
రెండో రౌండు దాటదు.
మోకాలు గాల్లోకి లేచిందంటే
మనిషి ఒంటికాలి మీద ఉన్నట్టే కదేటి?
ఈ మాటంటే దాలినాయుడు బీడీ ఆర్పేసి
"కాటా దగ్గర కూకునే మనిషివి, నీకేటి తెలుసు" అంటాడు.

కూకునే మనిషినే.
పదకొండేళ్ళుగా జీడిపప్పు ఫ్యాక్టరీలో తూకం నాది.
అందుకేనేమో నాకు దెబ్బలకంటే
బరువులు చూసే రోజంటే పిచ్చి.

నేను ఎదురుచూసేది మొదట్లోనే అయిపోయే పోటీ,
ఎవరూ పందెం కాయనిది.
మణిపూర్ గుంట లైష్రం మెమ్చా,
పోలెండు పిల్లతో.
ఆ తరగతి పేరు గడ్డిపరక.
యాభై రెండు కిలోల రెండొందలు,
పైన చీమ ఎక్కినా ఒప్పుకోరు.
రేపు రాత్రి తూకం.
ఈపాటికి మెమ్చా నీళ్ళు మానేసి ఉంటుంది.
వేన్నీళ్ళ తొట్టెలో కూచుని
చెమట, ఉప్పు, ఆఖరికి నోట్లో ఉమ్ముతో సహా
ఒంట్లోంచి బయటికి తోసేస్తూ ఉంటుంది.
చివరి రెండొందల గ్రాములున్నాయే,
అవే ప్రాణం తీస్తాయి.

ఆ రెండొందలు నాకు బాగా తెలుసు.
షావుకారు మాట: బుట్టకి రెండొందలు తరుగు.
ఓ రోజు తేమంటాను, ఓ రోజు పొట్టంటాను,
ఏదీ తోచని రోజు బుట్ట బరువంటాను.
పాత ముల్లు కాటా మాది.
ముల్లు ఆగకముందే నా నోరు అంకె చెప్పేస్తుంది.
పప్పు వలిచే ఆడోళ్ళూ గడ్డిపరకలే,
నలభై కిలోలు, నలభై రెండు.
వాళ్ళ తరుగు వాళ్ళు చేసుకోరు.
నేను చేస్తాను.

మొన్న పోలెండు పిల్ల పాత పోటీ చూస్తుంటే
బెవర చిట్టెమ్మ తొంగిచూసింది.
జీడినూనెకి కాలి నల్లబడ్డ వేలు,
రేషను డిపోలో మిషను గుర్తుపట్టని వేలు,
తెర మీద పెట్టి,
"ఈ గుంటకి ఎడం మోకాలు సలుపుతోంది బావూ.
కింద కూకుని లేసినప్పుడు నాకూ ఇలాగే అవుద్ది."
మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.
నిజమే.
కోట్లేసుకుని మాట్లాడే వాళ్ళెవరూ
ఈ ముక్క చెప్పలేదు.

కాబట్టి రాసిపెట్టుకోండి నా జోస్యం:
మొదటి రౌండు మెమ్చా దెబ్బలు తింటుంది, తిననీ.
రెండో రౌండంతా తన్నులు ఆ ఎడం మోకాలికే.
మూడో రౌండుకి పోలెండు పిల్ల కంచెకి జారబడుతుంది,
మెడ దొరుకుతుంది, చెయ్యి నేలని తడుతుంది.
జడ్జీల దాకా రానివ్వకు తల్లీ,
ముల్లు ఆగకముందే అంకె చెప్పేవాళ్ళు
ప్రపంచమంతా ఉన్నారు.

చిట్టెమ్మ ఇంకోటి కూడా అడిగింది.
"ఆల కాటా కాడ ఎవులుంటారు?"
ఒకడుంటాడు, గట్టిగా చదువుతాడు, అన్నాను.
"అందరూ సూత్తుండగానే?"
అందరూ చూస్తుండగానే.
ఊఁ, అంది. బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

రేపు రాత్రి తొమ్మిదిన్నరకి మెమ్చా కాటా ఎక్కుతుంది.
ఎల్లుండి పొద్దున్న ఎనిమిదికి చిట్టెమ్మ బుట్ట ఎక్కుతుంది.
ముల్లు ఆగేదాకా నా నోరు ఆగుతుందా?
ఈ పోటీకి మాత్రం నా దగ్గర జోస్యం లేదు.
దాలినాయుణ్ణి అడిగాను.
నా మీద కోడి కాదు కదా,
కోడిగుడ్డు కూడా కాయడట.